ఓట్ల పట్టికలో రైతు గడి ఏది?

(2025 సెప్టెంబరులో అవనిగడ్డలో జరిగిన మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెల్లవారకముందే యూరియా కట్ట కోసం వరసలో నిలబడి, అటునుంచి అటే ఇక్కడికి వచ్చినవాళ్ళు కూడా మీలో ఉన్నారు. అందుకని ఎక్కువ సేపు తీసుకోను. సంఘం వాళ్ళు నాకు ఇచ్చిన విషయం అమెరికా ఎన్నికలు. హైస్కూలు చదువుతో ఆగిపోయినవాడిని, ఇంత పెద్ద విషయం నాకెందుకు ఇచ్చారని మొదట అనిపించింది. మా ఊళ్ళో ఒక పెద్దాయన అయితే అడిగేశాడు. "మురుగు పోక నారు కుళ్ళిపోతుంటే నీకు అమెరికా గొడవ ఎందుకురా అబ్బాయ్" అన్నాడు. "బాబాయ్, మీవాడి చెరువులో రొయ్య ఎక్కడికి పోతోంది?" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు.

మన దేశం నుంచి బయటికి పోయే రొయ్యలకు అన్నిటికన్నా పెద్ద కొనుగోలుదారు అమెరికా. దేశంలో రొయ్యల సాగులో మొదటి స్థానం మన రాష్ట్రానిది. మొన్న ఆగస్టు 7న మన సరుకు మీద 25 శాతం సుంకం వేశారు. అదే నెల 27న దాన్ని 50 శాతం చేశారు. రొయ్య మీద అంతకుముందే ఉన్న సుంకాలు కలుపుకుంటే అరవైకి దగ్గరగా పోయింది. ఈక్వెడార్ రొయ్యకు మన కన్నా చాలా తక్కువ. నాగాయలంకలో, కోడూరులో చెరువు గట్టు మీద నిలబడ్డవాడికి ఆ సంగతి పేపరు చూసి తెలియలేదు. కొనేవాడు ఫోనులో ధర తగ్గించి చెప్పాడు, అప్పుడు తెలిసింది. మేత అప్పు తగ్గలేదు, కరెంటు బిల్లు తగ్గలేదు, చెరువు లీజు తగ్గలేదు. ధర ఒక్కటే తగ్గింది.

మరి ఆ సుంకం వేసిన అధ్యక్షుణ్ణి ఎవరు గెలిపించారు? అమెరికా మొత్తం కలిసి గెలిపించింది అనుకుంటాం. లెక్క చూస్తే అలా ఉండదు.

అక్కడ అధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకోరు. రాష్ట్రాలకు కొన్ని ఎలక్టోరల్ ఓట్లు ఉంటాయి. మొత్తం 538. అందులో 270 వస్తే గెలిచినట్టు. ఒకటి రెండు చోట్ల తప్ప, రాష్ట్రంలో ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఆ రాష్ట్రం ఓట్లన్నీ వాళ్ళవే. కాలిఫోర్నియా ఎటు వేస్తుందో ముందే తెలుసు. అలాబామా ఎటు వేస్తుందో కూడా తెలుసు. అందుకని అక్కడ ప్రచారానికి పెద్దగా ఎవరూ పోరు. పోటీ అంతా ఆరేడు రాష్ట్రాలలోనే. కిందటేడు అవి పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కరోలినా, ఆరిజోనా, నెవాడా. ఏడూ ట్రంప్‌కే పోయాయి.

ఇందులో విస్కాన్సిన్ సంగతి మనం తెలుసుకోవాలి. ఎందుకంటే అది పాడి రైతుల రాష్ట్రం. పాలు, జున్ను వాళ్ళ బతుకు. 2016లో అక్కడ ట్రంప్ గెలిచింది 22,748 ఓట్ల తేడాతో. 2020లో బైడెన్ గెలిచింది 20,682 ఓట్ల తేడాతో. 2024లో మళ్ళీ ట్రంప్, తేడా 29 వేల చిల్లర. ఓటు వేసేవాళ్ళేమో దాదాపు ముప్పై లక్షలు, ఆ పైన. అంటే నూటికి ఒక ఓటు కూడా తేడా లేదు. మూడు ఎన్నికలూ అంతే.

2016లో విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా ఈ మూడు రాష్ట్రాల తేడాలన్నీ కలిపినా 78 వేలు దాటవు. ఆ కాస్త ఓట్లు ప్రపంచాన్ని అటు నుంచి ఇటు తిప్పాయి. విస్కాన్సిన్‌లో 72 కౌంటీలు ఉంటే, ఒబామాకు రెండుసార్లు వేసిన కౌంటీలు ఇరవైకి పైగా ఆ ఏడాది ట్రంప్ వైపు తిరిగాయి. చాలావరకు పల్లెటూళ్ళు, చిన్న పట్టణాలు. మాడిసన్, మిల్వాకీ నగరాలు ఒక వైపు, పల్లెలు ఇంకో వైపు. అప్పటి నుంచి ఆ రాష్ట్రంలో రైతు ముఖం చూడకుండా ఏ పార్టీ ఎన్నికలకు పోవడం లేదు.

దాని వల్ల రైతుకు ఏమొచ్చింది? కొంత వచ్చింది, కొంత రాలేదు. రెండూ చెబుతాను.

2018లో చైనాతో సుంకాల గొడవ వచ్చింది. చైనా వాళ్ళు అమెరికా సోయాబీన్ మీద తిరుగు సుంకం వేశారు. రైతు దెబ్బ తిన్నాడు. రైతు ఓట్లు పోతాయన్న భయం పుట్టగానే, రెండు సంవత్సరాల పంటలకు కలిపి 2,300 కోట్ల డాలర్ల దాకా సాయం ఇచ్చారు. ఆ దేశంలో సేద్యం మీద బతికేవాళ్ళు జనాభాలో నూటికి ఇద్దరు కూడా ఉండరు. అయినా వాళ్ళు నష్టపోతే ప్రభుత్వం చెయ్యి పెట్టింది. ఇప్పుడు మన రొయ్య రైతు నష్టపోతున్నాడు. ఎవరు చెయ్యి పెడుతున్నారో మీరే చూస్తున్నారు.

ఇది ఒక వైపు. రెండో వైపు ఏమిటంటే, అదే విస్కాన్సిన్‌లో ఇరవై ఏళ్ళ కిందట పదిహేను వేల పైన పాడి క్షేత్రాలు ఉండేవి. ఇప్పుడు ఆరు వేలు లేవు. అధ్యక్షుణ్ణి గెలిపించిన రాష్ట్రం, రెండు పార్టీలూ కాళ్ళ దగ్గరికి వచ్చిన రాష్ట్రం, చిన్న పాడి రైతుని నిలబెట్టుకోలేకపోయింది. 2019లో వాళ్ళ వ్యవసాయ మంత్రి మాడిసన్‌లో పాడి ప్రదర్శనకు వచ్చి, పెద్దవాళ్ళు ఇంకా పెద్దవాళ్ళవుతారు, చిన్నవాళ్ళు పోతారు అనే అర్థం వచ్చేలా మాట్లాడి వెళ్ళాడు. ఓటు తీసుకున్న పార్టీ మంత్రే ఆయన.

కాబట్టి గెలిపించడం వేరు, పని చేయించుకోవడం వేరు. నష్టం వచ్చినప్పుడు చెక్కు ఇచ్చారు. నష్టం రాకుండా చేసే పని చెయ్యలేదు. ఆ పని ఫలానా అని రాసి, దాని మీదే ఓటు అని గట్టిగా నిలబడి అడిగినవాళ్ళు చాలినంతమంది లేకపోయారు. నాకు అర్థమైనంతలో సంగతి ఇది.

ఇక జార్జియా. అక్కడ అట్లాంటా చుట్టుపక్కల మనవాళ్ళు వేలమంది ఉన్నారు. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళ పిల్లలు, అల్లుళ్ళు కూడా ఉన్నారు. 2020లో దాదాపు 50 లక్షల ఓట్లు పడితే బైడెన్ అక్కడ గెలిచింది 11,779 ఓట్లతో. మనవాళ్ళే గెలిపించారని నేను చెప్పను. అలాంటి గొప్పలు మనకొద్దు. కానీ అంత తక్కువ తేడా వచ్చే చోట ప్రతి గుంపునీ పార్టీలు విడిగా లెక్క వేసుకుంటాయి. అలా మనవాళ్ళకూ ఒక గడి వచ్చింది. అక్కడ వీసా గురించి, ఉద్యోగం గురించి వాళ్ళు అడిగితే వినేవాళ్ళున్నారు. అలాగని మన మనిషి ఉంటే చాలనుకోకండి. ఇప్పటి ఉపాధ్యక్షుడి భార్య తెలుగింటి ఆడపడుచే. ఊళ్ళో స్వీట్లు పంచుకున్నాం, మంచిదే. రొయ్య మీద సుంకం తగ్గిందా?

అట్లాంటాలో ఉన్న ఆ అబ్బాయి పొలం ఇక్కడ ఎవరు చేస్తున్నారు? మనలో ఒక కౌలు రైతు చేస్తున్నాడు. పండినా ఎండినా కౌలు బస్తాలు కొలవాల్సిందే. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు కార్డు కావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. ఆయన అమెరికాలో ఉన్నాడు, లేకపోతే భయపడుతున్నాడు. సంతకం రాదు. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం అంటే ప్రాణసంకటం. పొలం యజమాని పేరు అమెరికా పార్టీల పట్టికలో ఉంది. పొలం చేసేవాడి పేరు మన ఊరి రెవెన్యూ పుస్తకంలో కూడా లేదు. ఈ తేడా గురించి మాట్లాడటానికే నేను అమెరికా దాకా పోయి వచ్చాను.

ఇప్పుడు మన అవనిగడ్డకు వద్దాం.

తక్కువ తేడా పోటీలు అమెరికా సొత్తు కాదు. 2009లో మన నియోజకవర్గంలో తేడా నాలుగు వందల పైచిలుకు ఓట్లు. అంబటి బ్రాహ్మణయ్య గారు గెలిచారు, మండలి బుద్ధప్రసాద్ గారు ఓడారు. 2014లో బుద్ధప్రసాద్ గారు గెలిచారు, తేడా ఆరు వేల లోపు. 2019లో సింహాద్రి రమేష్‌బాబు గారు ఇరవై వేల పైన తేడాతో గెలిచారు. అప్పుడు మూడో పార్టీకి పడ్డ ఓట్లు ఆ తేడా కన్నా ఎక్కువ. 2024లో ఆ రెండు పార్టీలూ కలిశాయి, తేడా నలభై ఆరు వేలు దాటి అటు తిరిగింది. 2019లోనే విజయవాడ సెంట్రల్‌లో తేడా 25 ఓట్లు. పెళ్ళికి పోయే బస్సు కూడా నిండదు.

రాష్ట్రం మొత్తం మీద చూస్తే ఇంకో విచిత్రం. 2019లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 11. రెండు పార్టీలకూ నూటికి ముప్పై తొమ్మిది మంది వేశారు. అయినా అసెంబ్లీలో చూస్తే ఊడ్చుకుపోయినట్టే. ఇది ఇప్పటి సంగతి కూడా కాదు. 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు 31 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు పదిహేనే. చల్లపల్లి భూపోరాటం చూసిన మన తాతలు ఆ దెబ్బ ఎలాంటిదో చెప్పేవాళ్ళు. కాబట్టి ఓట్లు సీట్లయ్యే దారిలో ఎక్కడో ఒక చోట కొద్ది మంది చేతిలో తాళం చెవి ఉంటుంది. దివిసీమలో అది చాలాసార్లు మన చేతిలోనే ఉంది. మనం తలుపు తెరిచి ఇచ్చాం. లోపలికి పోయి ఏమీ అడగలేదు.

ఓటు వెయ్యడంలో మనం ఎవరికీ తీసిపోం. 2024లో మన రాష్ట్రంలో నూటికి 81 మంది పైన ఓటు వేశారు. అమెరికాలో నూటికి 65 మంది వేస్తే గొప్ప. ఎండలో, అర్ధరాత్రి దాకా వరసలో నిలబడి వేశాం మనం. మరి మన పని ఎందుకు కాదు?

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక ఎన్నికలప్పుడు మా ఊరి మురుగు కాల్వ గురించి అర్జీ రాసుకుని, ముప్పై మంది సంతకాలు పెట్టించి, ఒక పార్టీ మనిషి దగ్గరికి వెళ్ళాం. పేరు అనవసరం, ఏ పార్టీ అయినా అంతే చేసేది. ఆయన అర్జీ విప్పలేదు. "మీ ఊళ్ళో ఓట్లెన్ని?" అన్నాడు. చెప్పాను. "అందులో మీవాళ్ళెంతమంది?" అన్నాడు. రైతులెంతమంది అని అడుగుతున్నాడేమో అనుకుని, మూడు వంతులు రైతులేనండి అన్నాను. ఆయన నవ్వాడు. "అది కాదండీ, మీవాళ్ళు" అన్నాడు. కులం అడుగుతున్నాడని అప్పుడు అర్థమైంది. ఆయన ముందు ఒక పట్టిక ఉంది. అందులో కులాల గడులున్నాయి, ఆడా మగా గడి ఉంది, పింఛను తీసుకునేవాళ్ళ గడి ఉంది, ఊళ్ళో లేని ఓట్ల గడి కూడా ఉంది. రైతు అనే గడి లేదు.

తప్పు ఆయనది కాదు. మనం ఏ గడిలో నిలబడితే ఆ గడిలోనే రాసుకుంటాడు. పోలింగు ముందు రోజు రాత్రి మనం ఏ గడిలో నిలబడుతున్నామో మీకు తెలుసు, నాకు తెలుసు. కవరు తీసుకున్న చెయ్యి మర్నాడు అర్జీ ఇస్తే బరువుండదు.

మా అమ్మాయి చేత ఒక పని చేయించాను. ఎన్నికల తరవాత ఫారం 20 అని ఒక పట్టిక పెడతారు. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. ఎన్నికల అధికారుల వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, రూపాయి ఖర్చు లేదు. ఎవరు ఎవరికి వేశారన్నది రహస్యమే, అది ఎవరికీ తెలియదు, భయపడకండి. ఊరు ఎటు వేసిందన్నది మాత్రం రహస్యం కాదు. ఆ పట్టిక అన్ని పార్టీల దగ్గరా ఉంది. ఊళ్ళో మన దగ్గరే లేదు.

మా ఊరి బూత్‌లు మూడు ఎన్నికలవి తీయించి, నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకున్నాను. 2014లో ఒక వైపు, 2019లో ఇంకో వైపు, 2024లో మళ్ళీ మొదటి వైపు. విస్కాన్సిన్ తిరిగినట్టే మా ఊరూ తిరిగింది. మురుగు కాల్వ అర్జీ నకళ్ళు కూడా అదే పుస్తకంలో పెట్టాను. రెండు సార్లు ఊరు మారింది, కాల్వ మారలేదు. గుర్రపుడెక్క అలాగే ఉంది, పూడిక అలాగే ఉంది.

అయితే రైతు గడి అని ఒకటి పెట్టడం అంత తేలికా అంటే, కాదు. రైతు అంటే ఒకడు కాదు కదా. వరి వేసేవాడికీ చెరువు తవ్వినవాడికీ ఉప్పునీటి తగువు ఉంది. యజమానికీ కౌలుదారుకీ కార్డు తగువు ఉంది. కాలువ మొదట్లో ఉన్నవాడికీ శివారువాడికీ నీళ్ళ తగువు ఉంది. రైతుకీ కూలికీ రేటు తగువు ఉంది. వీటిని దాచిపెట్టి అందరం ఒకటే అని వేదిక మీద చెప్పడం సులువు, కిందికి దిగితే నిలవదు. ఈ తగువులకు సంఘంలో విడిగా కూర్చుని మాట్లాడుకుందాం.

కానీ అందరికీ పనికొచ్చేది ఒకటుంది. మురుగు. కార్తీకంలో వాయుగుండం వస్తే, మురుగు పోకపోతే వరి పడిపోతుంది. వరి నీళ్ళలో ఉంటే కోతకు ముందు చల్లిన మినుము పోతుంది. చెరువు గట్టు తెగుతుంది. కూలివాళ్ళ కాలనీలో మోకాలు లోతు నీళ్ళు నిలుస్తాయి. సముద్రం వైపు స్లూయిస్ తలుపులు తుప్పు పట్టి ఉంటే, పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు వెనక్కి ఎక్కుతుంది. 1977 నవంబరు 19న ఏం జరిగిందో ఈ గడ్డ మీద ఎవరికీ చెప్పక్కర్లేదు. ఉప్పెన కులం అడగలేదు, పార్టీ అడగలేదు, యజమానివా కౌలుదారువా అని అడగలేదు. దాని ముందు మనం ఒకే గడి. మిగతా అన్నిటికీ విడిపోయినా, ఈ ఒక్కదానికి ఒకే గడిలో నిలబడగలం.

కిందటేడు డిసెంబరులో నీటి సంఘాల ఎన్నికలు జరిగాయి. చాలా చోట్ల ఏకగ్రీవం అన్నారు. ఎంతమంది రైతులు వెళ్ళి చెయ్యెత్తారు? మన కాలువ, మన మురుగు చూడాల్సిన సంఘం అది. అక్కడికి పోకుండా అసెంబ్లీ ఎన్నికల మీద ఆశ పెట్టుకున్నాం. 2021లో ఎన్నికైన పంచాయతీల గడువు వచ్చే ఏడాది మొదట్లో తీరిపోతుంది. పంచాయతీ ఎన్నికల్లో ఇరవై, ముప్పై ఓట్లకే గెలుపోటములు తేలతాయి. అమెరికాలో ఏడు రాష్ట్రాలకు ఉన్న బలం, మన ఊళ్ళో ఒక్కో వీధికి ఉంటుంది.

అందుకని మూడు పనులు చేద్దామని ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి. ప్రతి ఊళ్ళో సాగు చేసేవాళ్ళ జాబితా మనమే రాద్దాం. పట్టా ఎవరి పేరున ఉందన్నది కాదు, చేను ఎవరు చేస్తున్నారన్నది. కౌలు రైతుల పేర్లు, భర్త పోయాక సేద్యం చేస్తున్న ఆడవాళ్ళ పేర్లు అందులో ఉండాలి. ప్రభుత్వం కార్డు ఇచ్చినా ఇవ్వకపోయినా, మన పుస్తకంలో వాళ్ళకు గడి ఉండాలి.

రెండు. కోరికలు పాతిక రాయొద్దు. మూడే రాద్దాం. ఫలానా కాల్వ, ఇన్ని కిలోమీటర్ల పూడిక, ఫలానా స్లూయిస్ తలుపు, ఫలానా నెలలోగా అని రాయాలి. "రైతుల్ని ఆదుకోవాలి" అని రాస్తే ప్రతివాడూ ఆదుకుంటాననే చెబుతాడు. తేదీ రాస్తే అప్పుడు నిజం బయటపడుతుంది. పోటీ చేసేవాళ్ళందరినీ ఒకే వేదిక మీదికి పిలిచి, ఊరి ముందు ఆ కాగితం మీద సంతకం అడుగుదాం. ఏ పార్టీకి వెయ్యమనీ సంఘం చెప్పదు, చెప్పకూడదు. సంతకం పెట్టినవాళ్ళెవరో, పెట్టనివాళ్ళెవరో చెబుతుంది, అంతే.

మూడు. ఎన్నిక అయిపోయాక ఇంటికి పోవద్దు. మన దగ్గర లోపం ఇక్కడే ఉంది, విస్కాన్సిన్‌లోనూ ఇక్కడే ఉంది. లెక్క తెలిశాక పట్టిక తీసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటిద్దాం. దాని పక్కనే సంతకం పెట్టిన కాగితం అంటిద్దాం. ఆరు నెలలకోసారి గ్రామసభలో రెండూ చదువుదాం. చదవడానికి మన ఆడపిల్లలు చాలు, మనకన్నా బాగా చదువుతారు.

ఇవి చేస్తే రేపే సుంకం తగ్గుతుందని నేను చెప్పను. అమెరికా సుంకం మీద మనకు ఓటు లేదు. రొయ్య రైతుకు నష్టం పూడ్చమని, ఇతర దేశాల మార్కెట్లు చూడమని, ఊళ్ళో అమ్ముకునే ఏర్పాటు చెయ్యమని మన ప్రభుత్వాల్ని అడిగే హక్కు మాత్రం ఉంది. ఆ అడిగేవాళ్ళు ఎంతమందో లెక్క ఉంటేనే ఆ మాట వింటారు. అక్కడ నూటికి ఇద్దరు లేని రైతుల్ని లెక్కలోకి తీసుకున్నారు. ఇక్కడ ఊళ్ళో మూడు వంతులున్నవాళ్ళం లెక్కలో లేము.

మా ఊరి పెద్దాయన ఇవాళ కూడా వచ్చాడు, వెనక కూర్చున్నాడు. బాబాయ్, నేను అమెరికా నుంచి తిరిగి మన మురుగు కాల్వ దగ్గరికే వచ్చాను, చూశావుగా. ఈ నోటు పుస్తకం ఇక్కడ బల్ల మీద పెడుతున్నాను. భోజనాలయ్యాక ఊరికి ఇద్దరు చొప్పున రండి. మీ ఊరి బూత్ నంబర్లు చెప్పండి. మా అమ్మాయి పట్టిక తీసి ఇస్తుంది. ఇంటికి పోయేలోపు ప్రతి ఊరి చేతిలో ఆ కాగితం ఉండాలి.